గాలి మీట

బస్సు తలుపు తెరవడానికి డ్రైవరు రెండు చేతులూ వాడాడు.
"గట్టిగా పట్టుకో, తీసుకుపోతుంది" అన్నాడు.
ఏది తీసుకుపోతుందో చెప్పలేదు.
షెట్లాండ్‌లో ఆ వాక్యానికి కర్త అక్కర్లేదు.

హామర్‌వోలో పన్నెండిళ్లు, ఒక జెట్టీ,
తాళం తుప్పుపట్టిన చేపల షెడ్డు,
బోర్లించిన పాత పడవే కప్పుగా ఒక కోళ్లగూడు.
చెట్టన్నది లేదు.
తీగ మీద నీలం చొక్కా
లోపల మనిషి లేకుండానే చేతులు చాచి
ఎవరితోనో వాదిస్తోంది.
గొర్రెలన్నీ ఒకే దిక్కుకి వీపు పెట్టి నిలబడ్డాయి.
కాసేపటికి నేనూ నేర్చుకున్నాను.

నేను చెవుల మనిషిని.
అబర్డీన్ ఆసుపత్రి నుంచి నెలకోసారి
పెట్టె పట్టుకుని దీవులకు వస్తాను
వినికిడి మిషన్లు సరిచేయడానికి.
ఇవాళ ఈ ఊళ్లో ఒక్కటే పేరు:
బార్బరా ఇంక్‌స్టర్, ఎనభై ఆరేళ్లు.

వంటింట్లో కూర్చోబెట్టింది.
కాలిన మట్టిగడ్డల పొగ వాసన,
చెంచా నిలబడేంత చిక్కటి టీ.
శనగబద్దంత మిషన్ తీసి నా అరచేతిలో పెట్టింది.
"మనుషులు బాగానే వినిపిస్తున్నారు దీంట్లో.
గాలి పోయింది."

అర్థమైంది. కొత్త మోడల్.
గాలి రొదని పసిగట్టి నొక్కేస్తుంది.
అందరూ ఏరికోరి అదే అడుగుతారు,
కంపెనీ పుస్తకంలో దానికి నాలుగు పేజీల పొగడ్త.
"మోత తగ్గించడానికండీ, సుఖం కోసం" అన్నాను.

"ఎవరి సుఖం?" అంది.

తర్వాత చెప్పింది, నన్ను చూసి కాదు, కిటికీని చూసి:
నీళ్ల మీద పిల్లి పాదం మోపినట్టు తాకేది పిర్.
కొండ మీంచి దబ్బున దూకేది ఫ్లాన్.
పొగగొట్టంలో అది ఏ గొంతుతో ఉందో వింటే
మా ఆయన ఇవాళ వల తీస్తాడో
ముసుగు తన్నుతాడో
పడుకునే చెప్పేదాన్ని.
ఆయన పోయి పంతొమ్మిదేళ్లు.
వల లేదు, పడవ కింద కోళ్లున్నాయి.
అయినా పొద్దున్నే
ఎటునుంచి వీస్తోందో తెలియకపోతే
మంచం మీంచి కాళ్లు ఎటు దించాలో తోచదు.

నేను కళ్యాణదుర్గం దాన్ని.
ఆషాఢం గాలికి మిద్దె మీద ఆరేసిన పంచె
మూడో వీధిలో రేగుకంపకు చిక్కి దొరికేది.
పళ్ల మధ్య ఎర్రదుమ్ము, రాత్రంతా రెక్కల దడదడ.
మా మేనత్త ఓబుళమ్మ గాలిని తిట్టేది
వరసైనవాణ్ణి తిట్టినట్టు,
"నీ జిమ్మడిపోనూ, ఇడిసిపెట్టరా పంచె!"
ఆ గాలి నా చెవిలో ఎప్పుడాగిందో
నేను గమనించలేదు.
నాకైతే ఎవరూ ఏ మీటా నొక్కలేదు.

లాప్‌టాప్ తెరిచాను.
మార్పుకి కారణం రాయమంది ఒక గడి.
"రోగి కోరిక" అని రాశాను.
రోగి అన్నమాట ఎందుకో నచ్చక
చెరిపి, "ఇంటావిడ కోరిక" అని దిద్ది
మీట సున్నాకి దించాను.

చెవిలో పెట్టుకుంది.
కెటిల్, గోడ గడియారం, కుర్చీ కిర్రు,
వాటన్నిటి వెనకనుంచి...
చెయ్యెత్తింది, నన్నాగమన్నట్టు.
చాలాసేపు అలాగే ఉంది.
"వాయవ్యం. మధ్యాహ్నానికి ముదురుతుంది.
నీ ఫెర్రీ నడవదు."

ఫోన్లో చూశాను, టైముకే అని పచ్చ అక్షరాలు.
నేనేమీ అనలేదు. ఆవిడ ఇంకో కప్పు పోసింది.

ఫెర్రీ నడిచింది.
పది నిమిషాలు ఆలస్యం, అంతే.
పంతొమ్మిదేళ్ల తర్వాత మొదటి జోస్యం కదా,
తప్పిందని ఆవిడకి ఎవరూ చెప్పకపోతే బాగుణ్ణు.

అందరూ లోపల చిప్స్ తింటున్నారు.
నేను డెక్ మీదికెళ్లి
ఎడమ చెవి వాయవ్యానికి తిప్పాను.
పిర్ కాదు ఇది, ఫ్లాన్ కూడా కాదేమో,
దీని పేరు నాకు తెలీదు.
తెలిసిన తిట్టు ఒకటే ఉంది.
"నీ జిమ్మడిపోనూ" అన్నాను, గొంతెత్తి,
కళ్యాణదుర్గం మిద్దె మీద నుంచి అన్నట్టే.

టోపీ తీసుకుపోయింది.